పుష్యమాసపు బిళ్లలు

ఆషాఢం. పొద్దటి పాళి. కొలిమి వెలిగించలేదు.

ఈ చిట్టాలో కొలిమి వేడి ఎంత, సరుకు ఎప్పుడు పెట్టాం, ఎప్పుడు తీశాం, అంతవరకే రాయాలని నియమం. ఆ నియమం పెట్టినవాళ్ల బిడ్డలెవరూ ఇప్పుడు బావి అడుగున లేరు. నా బిడ్డ ఉంది. కాబట్టి నోటికొచ్చింది రాస్తాను. నచ్చనివాళ్లు అంకెలు చూసుకుని పోండి.

నిన్న అడుగు నుంచి ఫోనొచ్చింది, పాత సొరంగం గోడ పగిలి నీళ్లు దూకుతున్నాయని, బోను దింపమని. ఇంజను తోలే బానయ్య దింపుతుండగా బ్రేకు జారింది. మనుషులెక్కే బోనును ఎట్లాగో పైనే ఆపగలిగాడు. జోడు బోను మాత్రం తాడు తెంపుకుని పడి నిచ్చెనల దారిని నుగ్గునుగ్గు చేసింది. పంపులు కూడా ఆగిపోయాయి. అడుగున ఏడుగురున్నారు. వాళ్లలో చిన్నది నా నర్మద.

బ్రేకులో గిన్నెల్లా వంచిన ఉక్కు బిళ్లలుంటాయి, ఒకదాని మీద ఒకటి బోర్లించి. ఇంజనులో నూనె ఒత్తినంతసేపు అవి అణిగి ఉంటాయి. కరెంటు పోతే పైకి లేచి బ్రేకును పట్టేస్తాయి. అదీ వాటి ఉద్యోగం. మా అత్త వయసులో ఉన్నప్పుడు చేసిన బిళ్లలవి, ఇన్నాళ్లూ ఊడిగం చేసి ఇప్పుడు నెర్రెలిచ్చాయి. బిళ్లలు లేకుండా బోను దింపితే తిన్నగా వాళ్ల నెత్తినే పడుతుంది. కొత్తవి చేయాలి. చేయాల్సింది నేను. బావిలో మేముండే మూడో మెట్టులో ఉన్నది ఈ ఒక్క కొలిమి.

పై లోకంలో ఎండకు మనుషులు మాడిపోతుంటే బావుల్లోకి దిగినప్పుడు పెద్దలు తెచ్చుకున్న ఉక్కు రేకులు రెండే మిగిలాయి. తుప్పు పట్టని రకం, కాల్చి మాగబెడితే గట్టిపడే రకం. వాటి పెట్టె తాళం మెట్టు పెద్ద మొగిలి సర్దారు దగ్గర ఉంటుంది. ఒక రేకు ఇచ్చి, రెండోది అడగొద్దన్నాడు. గాలి పంకాలోనూ ఇవే బిళ్లలు. అవి పోతే మూడో మెట్టు మొత్తం ఊపిరాడక చస్తుంది. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, అయినా నాకు ఒళ్లు మండింది.

రేకు తెచ్చి బల్ల మీద పెట్టగానే మా అత్త కొమురవ్వ మంచంలోంచి లేచి కూర్చుంది. నాకు ముందు కొలిమి పని ఆమెదే.

"ఇది ఆషాఢం పిల్లా. బిళ్లలు పుష్యంలనే చేసేది," అంది.

"అప్పటిదాక నీ మనుమరాలిని నీళ్లల్ల నానబెడ్దమా?" అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆషాఢం. నడిమి పాళి. కొలిమి ఏడువందల అరవై.

బిళ్లలు కోసి, అచ్చులో పెట్టి, దెబ్బలేసి గిన్నెల్లా వంచాను. ఈ ఉక్కు తిక్కది. మెత్తగా ఉన్నప్పుడు అయస్కాంతాన్ని దగ్గరికి రానివ్వదు. దెబ్బ తిన్నచోట మాత్రం గట్టిపడి, అక్కడ అయస్కాంతానికి అంటుకుంటుంది. వంచిన అంచులు అంటుకున్నాయి, నడుమ అంటుకోలేదు. మొత్తాన్నీ దెబ్బలతోనే గట్టిపరచాలంటే ఇంటంత రోలరు కావాలి. అది మాకు లేదు. అందుకే కొలిమి.

అత్త నేర్పిన మాటలు మూడే. ఎర్రజెయ్యి, చల్లార్చు, మాగబెట్టు. ఏడువందల అరవై దగ్గర గంటన్నర ఎర్రజేస్తే ఉక్కు మనసు మారడానికి సిద్ధమవుతుంది. చల్లారుతుంటే మారుతుంది. ఆ తర్వాత ఐదువందల అరవై ఐదులో, గడ్డిలో మామిడికాయల్ని పెట్టినట్టు, గంటన్నర మాగబెడితే బిగువొస్తుంది. నేను మామిడికాయ చూడలేదు, గడ్డీ చూడలేదు, మాట మాత్రం వాడుతుంటాను.

సరుకు లోపల పెట్టి ఫోను దగ్గరికి పోయాను. నర్మద పలికింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయంది. పంపు గద్దె మీదికి ఎక్కి కూర్చున్నారట.

"గీ నీళ్లు మంచిగ లేవే అమ్మా. కొరుకుతున్నయ్," అంది.

పురుగులేమైనా ఉన్నాయేమోనని అడిగాను. పురుగులు కావంది. నీళ్లే కొరుకుతున్నాయట. అందరికీ జ్వరం పట్టుకుందనీ, పళ్లు టకటకలాడుతున్నాయనీ, పెద్దవాడు రాజేశం బాపుకి మరీ ఎక్కువగా ఉందనీ చెప్పింది. ఒళ్లు వేడిగా ఉందా అంటే లేదంది. వణుకుతున్నారంటే జ్వరమే కదా. నుదుటి మీద తడిగుడ్డ వేసుకోండని చెప్పాను. జ్వరానికి ఇక్కడ ఎవరైనా చెప్పేది అదే.

ఆషాఢం. మాపటి పాళి. కొలిమి ఐదువందల అరవై ఐదు, తర్వాత ఆర్పాను.

చెడిపోయాయి. అన్నీ.

కొలిమిలోంచి తీసి రాతి బల్ల మీద ఆరబెట్టాను. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాయి. అయస్కాంతం పెడితే అంటుకుంది గానీ, ఇష్టంలేని చుట్టానికి మంచినీళ్లిచ్చినట్టు అంటుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. తొందరలో మాగబెట్టేశాను. తీసి పట్కారులో బిగించి అణిచాను. బిళ్ల అణిగింది, మళ్లీ లేవలేదు. ఇంకొకటి చూశాను. అదీ పడుకుంది. మళ్లీ మొదటినుంచీ మెత్తబరిచి చేద్దామంటే వెయ్యి దాటిన వేడి కావాలి, ఈ కొలిమి తీగలు అంత తట్టుకోలేవు. ఒక రేకు నాశనమైంది.

బానయ్య గుమ్మంలోంచే చూసి వెళ్లిపోయాడు. అత్త మాత్రం ఊరుకోలేదు. పుష్యమైతే అయ్యేవి అంది. నేను పట్కారు విసిరికొట్టాను, ఆమె మీదికి కాదు, గోడకు. నీ పుష్యం పాడుగాను, నీ తిథులు పాడుగాను, కడుపుకోతకు తిథులుంటాయా అని అరిచాను. అరిచి అరిచి అక్కడే కూలబడ్డాను. ఆమె మంచం దిగి నా పక్కన కూర్చుంది. నా తల నిమరలేదు. ఆమెకు ఆ అలవాటు లేదు. ఒత్తుతున్నట్టు నా భుజం పట్టుకుంది.

కాసేపటికి అడిగాను. దెబ్బలాటకు కాదు, నిజంగా అడిగాను.

"పుష్యంల ఏముండె అత్తా? ఏం పూజ చేస్తుంటిరి?"

"పూజ ఎక్కడిది? అప్పుడు మన కొలిమి పైమెట్టుమీదుండె. ఎర్రగ కాల్చినయి తీసుకపోయి, సద్ది తినేలోపల బాయి మూతి కాడి రాళ్లమీద పరిచి వచ్చేది. అన్నం ఉడికేంత సేపు ఆడ ఉండాలె. గంతే."

"రాళ్లమీద ఎందుకు?"

"ఎందుకేంది, సలికి! పుష్యంల సలి బొక్కలు కొరుకుతుండె. మీ మామకు పండ్లు టకటక కొట్టుకుంటుండె."

కొరుకుతుండె.

ఆ మాట దగ్గర నా మెదడు ఆగిపోయింది. ఎముకలు కొరికే చలి అని సామెతలా అంటుంటాం. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఈ గది వేడి నలభై రెండు. పాళి మారినా, నెల మారినా నలభై రెండే. చల్లార్చడమంటే చేతికి కాలకపోవడం అనుకున్నాను. కాదు. కొరకాలి. ఉక్కు పూర్తిగా మారాలంటే దాన్ని చలి కొరకాలి. ఆ చలి పుట్టే నెలను గుర్తుపెట్టుకున్నాం గానీ, చలిని మరిచిపోయాం.

ఆ వెంటనే రెండో సంగతి తట్టింది. నేను ఫోనుకేసి పరుగెత్తాను.

"గుడ్డలు తీసెయ్యండి! అది జెరం గాదు! తడిబట్టలు ఇడిసి పిండుకోని, ఒకరినొకరు అతుక్కోని కూసోండి!"

వెనకనుంచి అత్త చెబుతోంది, నేను అరుస్తున్నాను. నర్మద ఎందుకని అడగలేదు. రాజేశం బాపు వణుకు తగ్గిందనీ, హాయిగా నిద్రపోతున్నాడనీ చెప్పింది. నాకు సంతోషమనిపించింది. ఆ మాట అత్తకు చెబితే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

ఆషాఢం. మాపటి పాళి దాటింది. కొలిమి ఏడువందల అరవై, రెండోసారి.

మొగిలి సర్దారుతో జరిగింది రాస్తాను. గాలి పంకా రేకు కావాలన్నాను. ఆయన తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని, ఇది కూడా చెడిపోతే ఈ మెట్టులో ఉన్న పసిపిల్లలందరి మొహాలూ నువ్వే చూడాలి సారక్కా, నేను చూడలేను అన్నాడు. చూస్తానన్నాను. చలి ఎక్కడినుంచి తెస్తావన్నాడు. అడుగునుంచి అన్నాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. అప్పుడు అత్త కర్ర ఊతంగా నడిచి వచ్చి, నా మనుమరాలు కొరుకుతున్నయన్నది, ఆ పిల్లకు సలి అనే మాట ఎరుకలేదు, ఎరుకలేని దాని గురించి అబద్ధం ఎట్ల చెప్తది అంది. సర్దారు గుప్పిట తెరిచాడు.

ఉపాయం చెప్పడం తేలిక. బావిలో పై నుంచి అడుగుదాకా గంట తాడు వేలాడుతుంది. అడుగున లాగితే పైన ఇంజను గదిలో గంట మోగుతుంది. మనిషి బరువు మోయదు, బిళ్లల దండను మోస్తుంది. ఎర్రజేసి తీసిన బిళ్లల్ని తీగకు గుచ్చి, సద్ది తినేలోపల, అంటే గంట దాటకుండా, అడుగుకు దింపాలి. అక్కడ నీళ్లలో అన్నం ఉడికేంత సేపు ఉంచాలి. లాగాలి.

తేలిక కానిది ఒకటుంది. నర్మదను అడిగాను, నీళ్లు అన్నిచోట్లా ఒకేలా కొరుకుతున్నాయా అని. లేదంది. నిలిచిన నీళ్లు రాతి వేడికి కొంచెం తక్కువ కొరుకుతున్నాయట. గోడ పగిలి దూకుతున్న చోటే నిండుగా కొరుకుతున్నాయట. అంటే ఎవరో ఒకరు గద్దె దిగి, సొరంగం మూతిదాకా నడిచి, ఆ ధార కింద దండను పట్టుకుని నిలబడాలి. అప్పటికి నీళ్లు నడుము దాటాయి.

ఇంకెవరైనా పోగలరా అని అడిగాను. సిగ్గులేకుండా అడిగాను, వేరేవాళ్లు కూడా ఎవరో ఒకరి బిడ్డలేనని తెలిసీ. ఒకాయన కాలు నలిగింది, మిగతావాళ్లు నిలబడలేకపోతున్నారు అంది.

"నేనే పోత అమ్మా. ఎంతసేపు ఉండాలె?"

"అన్నం ఉడికేంత సేపు."

"మరి వండు. వచ్చి తింట."

ఫోను పెట్టేశాక నేను గోడకు తల కొట్టుకున్నాను. నా బిడ్డను నేనే ఆ నీళ్లలోకి పంపాను. ఇది చిట్టాలో రాయాల్సిందేనా అంటే, ఇదే రాయాల్సింది.

ఆషాఢం. ఏ పాళో చూడలేదు. కొలిమి ఐదువందల అరవై ఐదు.

బిళ్లలు మాగుతున్నాయి. చేతులకు పనిలేదు, అందుకే రాస్తున్నాను.

ఎరుపు దిగగానే దండ గుచ్చాం. వేళ్లు కాలాయి, కాలనీ. బానయ్య తాడు వదులుతుంటే నేను పక్కన నిలబడి, త్వరగా త్వరగా అని ఆయన ప్రాణం తీశాను. అందింది అని ఫోనులో ఎవరిదో మగగొంతు చెప్పింది. నర్మద నీళ్లలోకి దిగిందనీ ఆ గొంతే చెప్పింది.

అత్త పొయ్యిమీద ఎసరు పెట్టింది. ఈ పనికి గడియారం అదే. బియ్యం పోసింది. నేను ఫోను చెవికి పెట్టుకుని, ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నాను. ఏం కనిపిస్తోందని అడిగితే, ధార కింద నిలబడింది, దండను మణికట్టుకు చుట్టుకుంది అన్నాడు. కాసేపటికి, నీళ్లు రొమ్ముదాకా వచ్చినయి అన్నాడు. ఇంకాసేపటికి, పాట పాడుతోంది అన్నాడు. ఏం పాటని అడిగాను. మాటలు అర్థం కావట్లేదు, నాలుక తిరగడం లేదు అన్నాడు. నేను అన్నం కలియబెట్టాను. ఇంకా పలుకుంది. అత్త నా చెయ్యి పట్టుకుని గరిటె లాక్కుంది, పలుకుతో దించితే బిళ్లలు మళ్లీ పడుకుంటయి అంది. ఆ ముసల్దాన్ని ఆ క్షణంలో చంపేద్దామనిపించింది. ఆమె కళ్లలో నీళ్లు కారుతున్నాయి, గరిటె మాత్రం వదల్లేదు.

అన్నం దిగింది. లాగమన్నాను. దండ పైకొచ్చింది, తడిగా. నేను పట్టుకున్నాను.

నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి తెలిసింది కొరకడం అంటే ఏమిటో. పైకి వచ్చేసరికి సగం వేడెక్కి ఉంటాయి. ఆ మిగిలిన సగానికే నా అరచెయ్యి ఉలిక్కిపడింది. ఆ సగం కాదు, నిండు చలిలో నా పిల్ల నిలబడింది. అయస్కాంతం చూపించాను. ఠక్కున అంటుకుంది. ఊడదీయడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మాగాలి. గంటన్నర. నీళ్లు ఫోనును తడిపేశాయి కాబోలు, అందులో హోరు తప్ప ఏమీ లేదు. బానయ్య రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి, గట్టిగనే ఉన్నయి గదా వదినా, తియ్యి, బిగిద్దాం అన్నాడు. రెండోసారి కొలిమి తలుపు మీద చెయ్యి వేశాడు. నేను పట్కారు ఎత్తాను.

"చెయ్యి తియ్యి బానయ్యా. మాగకముందే బిగిస్తే పెళుసుంటయి. బోనుతోటి సహా పోతరు."

"మునిగిపోతున్నరు వదినా!"

"నా బిడ్డ. నాకు తెల్వదా?"

చెయ్యి తీశాడు. కొలిమి పక్కన కింద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. తలుపు తీయకుండా నిలబడటం కన్నా ధార కింద నిలబడటమే తేలికేమో. నాకు తెలియదు. అటు వెళ్లింది నేను కాదు.

ఇంకా సమయముంది. ఇంకేం రాయను.

ఆషాఢం. కొలిమి ఆర్పాను. తలుపు తీసి ఉంచాను.

బిళ్లను పట్కారులో అణిచాను. లేచింది. మళ్లీ అణిచాను, మళ్లీ లేచింది. అన్నీ అంతే. బానయ్య, సర్దారు కలిసి బిగించారు. వేళ్లు కాలి ఉన్నాయని నన్ను ముట్టుకోనివ్వలేదు.

బోను ఖాళీగా దిగింది. గంట తాడు ముందే మళ్లీ దాని చోట కట్టేశాం. మూడు దెబ్బలు మోగితే మనుషులు ఎక్కారని లెక్క. బోను అడుగుకు చేరింది. గంట మోగలేదు. ఇంజను గదిలో అందరం ఆ ఇత్తడి గంటను చూస్తూ నిలబడ్డాం. సర్దారు గొణుక్కుంటున్నాడు, దేవుడికో, తనకో. ఒకసారి మోగింది. చాలాసేపటికి రెండోది. మూడోదానికి నేను ఆగలేకపోయాను, ఎత్తు ఎత్తు అని అరిచాను. బానయ్య మూడోది మోగిందాకా కదల్లేదు. ఆయన పని ఆయనది.

నడిమిలో ఒకసారి కరెంటు పోయింది. బిళ్లలు పట్టాయి. బోను వేలెడంతైనా జారలేదు. కరెంటు వచ్చాక మళ్లీ కదిలింది.

ఏడుగురూ వచ్చారు. నడిచి దిగింది నలుగురు. కాలు నలిగినాయన్ని మోశారు. రాజేశం బాపును కూడా మోశారు, కానీ హాయిగా నిద్రపోతున్నాడని నర్మద చెప్పిన ఆ నిద్రలోనే ఆయన పోయాడట. తడిగుడ్డ వేసుకోమన్నది నేను. ఆయన పోయింది దానివల్లనో, నీళ్లవల్లనో ఎవరూ తేల్చలేరు. ఆయన పెళ్లానికి నేనే స్వయంగా చెప్పి వచ్చాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

నర్మదను చివర తెచ్చారు. బతికే ఉంది, కానీ ఒళ్లు ఆ దండకన్నా చల్లగా ఉంది. పెదాలు నల్లబడ్డాయి. మణికట్టులో తీగ దిగింది, రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. వణకడం లేదు కూడా. అది చూసి అత్త కర్ర పారేసింది.

"కొలిమి కాడికి తీసుకరండి. మరీ దగ్గర గాదు. నిదానంగ మాగాలె," అంది.

తడిబట్టలు విప్పి, పొడి గొంగళ్లు చుట్టి, తెరిచిన కొలిమికి రెండు బారల దూరంలో పడుకోబెట్టాం. అత్త ఒకవైపు, నేను ఒకవైపు అతుక్కుని పడుకున్నాం. అత్తాకోడళ్లం అంత దగ్గరగా ఎప్పుడూ పడుకోలేదు. కొలిమి ఆరుతూ ఆరుతూ వెచ్చగా ఊపిరి వదులుతోంది. చాలాసేపటికి నా భుజానికి ఏదో తగిలినట్టైంది. నర్మద దవడ. మళ్లీ వణుకుతోంది. అత్త గట్టిగా ఏడ్చింది, సంతోషంతో.

గంజి రెండు చుక్కలు మింగాక కళ్లు తెరిచింది.

"జెరం తగ్గుతలేదే అమ్మా."

"జెరం గాదు బిడ్డా. దీన్ని సలి అంటరు."

"సలి," అంది. నోట్లో ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "పాటల్ల ఉన్నదేనా?"

అదేనన్నాను. ఇంత ఉంటుందనుకోలేదంది. అన్నం అడిగింది. మెత్తబడిపోయిన అన్నమే పెట్టాను.

అత్త మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది. ఆ నీళ్లు ఎక్కడివి అని అడిగింది. పాత సొరంగం పైకే పోతుందని, పైనుంచే వస్తున్నాయని సర్దారు చెప్పాడు. పైనుంచి వచ్చేవి మరగాలి కదా, మాడ్చే ఎండలో నీళ్లు కొరకడమేమిటి అన్నాడు. ఆయన అడిగాక గానీ అందులో వింత మాకెవ్వరికీ తట్టలేదు.

"కిందికొచ్చినంక నెలల లెక్క ఎవడు సక్కగ వెట్టిండు," అంది అత్త. "పైన పుష్యం నడుస్తున్నది."

సర్దారు లేచి బావి మూతివైపు, పైకి, ఊరికే చూస్తూ నిలబడ్డాడు. నర్మద నిద్రపోయింది. ఈసారి నేను చెయ్యి ఆమె రొమ్ము మీదే ఉంచాను, లేచి పడుతోందో లేదో తెలియడానికి.

రెండో చేత్తో ఈ చిట్టా దగ్గరికి లాక్కున్నాను. ఆషాఢమని రాసిన ప్రతిచోటా కొట్టేసి, పుష్యం అని దిద్దాను.